బ్లేడు పిన్ని, పచ్చబడ్డ దుంప

ఆ కాలేజీలో వృక్షశాస్త్రం ల్యాబు ఎక్కడని అడిగితే ఎవరూ ల్యాబు దారి చెప్పరు. "బ్లేడు పిన్ని దగ్గరికా? మెట్లెక్కి ఎడమ పక్కకి తిరగండి" అంటారు. పేరు విని, మాటలతో బ్లేడు వేసే రకమేమోనని కంగారు పడకండి. ఆవిడ చేతిలో ఎప్పుడూ సగానికి విరిచిన బ్లేడు ముక్క ఒకటి ఉంటుంది. దాంతో కాడల్నీ, దుంపల్నీ, తొక్కల్నీ పలచగా కోసి గాజు పలక మీద పెడుతుంది. పలచగా అంటే ఎంత పలచగా? కోసిన ముక్కని పేపరు మీద పెడితే కింద అక్షరం చదువుకోవచ్చు. చదవడానికి రాకపోతే ఆ ముక్క చెత్తబుట్టలోకే. అంతే, ఇంకో మాట లేదు.

పిల్లలు కోసిన ముక్కలు చూస్తే ఆవిడకి ఒళ్ళు మండేది. "ఇది సెక్షనా నాయనా, కట్టెల మోపా? దీనికి మైక్రోస్కోపు ఎందుకు, పొయ్యి చాలు" అనేది. అంటూనే పక్కన నిలబడి, ఆ పిల్లాడి వేళ్ళ మధ్య దుంప ముక్క సర్ది, బ్లేడు తడిపి, తనవైపు లాగడం నేర్పేది. తిట్టిన నోటితోనే "ఆఁ, ఇదిగో, వచ్చేసింది చూశావా" అనేది. నోరు చేదు, మనసు వెన్న. ఈ మాట ఆవిడ ముందు అంటే మాత్రం ఊరుకోదు.

ఆ నోటికి, ఆ చేతికి వెనక పెద్ద కథేమీ లేదు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, ఎవరో సెలవు పెడితే రెండు నెలలు ల్యాబు ఊడవడానికి వచ్చింది. అప్పుడు శాఖకి పెద్ద దిక్కు ఒక లెక్చరరమ్మ, అందరూ పెద్ద మేడమ్ అనేవారు. ఒకరోజు బల్లలు తుడుస్తుంటే ఒక మైక్రోస్కోపు కింద దీపం వెలుగుతూ కనిపించింది. ఎవరో ఆర్పడం మరిచిపోయి వెళ్ళారు. ఆర్పుదామని వంగి, ఆర్పకుండా కన్ను పెట్టింది. నీటి మొక్క ఆకు అది. గదులు గదులుగా ఉంది. ఒక్కో గదిలో పచ్చటి చుక్కలు, గోడ వారనే వరసగా, మెల్లగా తిరుగుతున్నాయి.

 చీపురు పక్కన పడేసి పరిగెత్తింది. "మేడమ్, గాజులో పురుగులు పడ్డాయండీ! నేనేం ముట్టుకోలేదండీ!"

పెద్ద మేడమ్ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నవ్వి, చెయ్యి పట్టుకుని మళ్ళీ ఆ బల్ల దగ్గరికే తీసుకొచ్చింది. "పురుగులు కావమ్మా. హరితరేణువులు. నువ్వు పొద్దున ఏం తిన్నా సరే, అది మొదట వీటి చేతిలో వండిందే" అంది.

ఆ మాట పిన్నికి ఎముకల్లోకి ఇంకిపోయింది. రెండు నెలలు కాస్తా ఇరవై ఎనిమిదేళ్ళయ్యాయి. ఊడ్చే చెయ్యి కోసే చెయ్యి అయింది. అటెండరు ఉద్యోగం ఖాయమైంది. సంతకం పెట్టడం, తర్వాత రాయడం కూడా పెద్ద మేడమే కూర్చోబెట్టి నేర్పింది. డిగ్రీ మాట అటుంచండి, హైస్కూలు గడప తొక్కని మనిషి. అయినా పాఠం అర్థంకాని పిల్లలు లెక్చరర్ని వదిలి ఈవిడ చుట్టూ మూగేవారు.

"ఒక తల్లి పిల్లలర్రా అన్నీ" అని మొదలుపెట్టేది పిన్ని, చేతిలో బ్లేడు ఆపకుండానే. "చిన్నప్పుడు ఏదేదో చెప్పలేం, అన్నీ ఒక్కలాగే ఉంటాయి, రంగూ రుచీ లేకుండా. పెరిగేకొద్దీ తలా ఒక పని పడుతుంది. వెలుతురులో పడ్డవి పచ్చబడి వంటపనిలో దిగుతాయి. ఎండ, గాలి, నీళ్ళు కలిపి చక్కెర చేసేది అవే. అవి హరితరేణువులు. చీకట్లో, దుంపల్లో, గింజల్లో ఉండిపోయినవి తెల్లగా ఉండి సామాను గది చూసుకుంటాయి. ఒకటి పిండి దాస్తుంది, ఒకటి నూనె, ఇంకోటి మాంసకృత్తులు. అవి శ్వేతరేణువులు. ఇక మూడోరకం ఉన్నాయే, అవి సింగారం పార్టీ. ఎరుపూ, పసుపూ, నారింజా పూసుకుని పూల రేకుల్లో, పళ్ళ తొక్కల్లో కూర్చుంటాయి."

"వాటికేం పని ఉండదా పిన్నీ?" అని ఎవడో అడుగుతాడు.

"ఎందుకుండదురా? పిట్టల్నీ, పురుగుల్నీ పిలవాలిగా! రంగు చూసి అవి వస్తేనే గింజలు నాలుగు చోట్లకి పోయేది. ఇంటికి నలుగుర్నీ పిలిచేవాళ్ళు కూడా ఉండాలి మరి. అందరూ వంటింట్లో కూర్చుంటే ఎట్లా?"

"మరి పచ్చ టమాటా ఎర్రబడుతుంది కదా?"

"అదీ ప్రశ్న! పుట్టుకతో వచ్చిన పని చచ్చేదాకా చేయాలని రాసిపెట్టి లేదు వాటికి. పచ్చవే ఎర్రవి అవుతాయి. పని మార్చుకుంటాయి."

ఇంతా చెప్పి, చివర్లో "నాకేం తెలుసు, మీ సార్ని అడగండి" అనేది. అది ఉత్త మాట. ఆవిడకి తెలుసని ఆవిడకీ తెలుసు.

పిన్నికి ఒక గర్వం ఉండేది, దాచుకోలేని గర్వం. ల్యాబు రిజిస్టరులో ప్రతి పరీక్షకీ ఒక పేజీ ఉంటుంది. పేజీ కింద 'పొరపాట్లు' అని ఒక గడి. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ గడిలో పిన్ని ఒక్క అక్షరం రాయలేదు. పగిలిన గాజూ లేదు, మారిన స్లైడూ లేదు. కొత్తగా ఎవరు చేరినా ఏదో వంక పెట్టి ఆ రిజిస్టరు తెరిచి, ఖాళీ గడులన్నీ చూపించేది. చూసినవాళ్ళు "అబ్బో" అనేదాకా మూసేది కాదు.

ఆవిడకి ఒక్కడే కొడుకు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎవరి అపార్ట్‌మెంటులోనో పైకీ కిందకీ వేలాడుతూ సగం రోజులు ఇంట్లోనే ఉండడు. కాబట్టి ఇంట్లో అసలు కాపురం అత్తాకోడళ్ళదే. కోడలు కళ్ళజోళ్ళ షాపులో సగం పూట పని చేస్తుంది. పెళ్ళినాటికి ఇదే కాలేజీలో వృక్షశాస్త్రమే చదువుతోంది. ఆఖరి సంవత్సరంలో పాప కడుపున పడటంతో ఆపేసింది. పాపకి నాలుగేళ్ళొచ్చాక అత్తగారే వెంటబడింది. "నువ్వు చదువు. పిల్ల సంగతి నేను చూస్తాను. నేను చూసినన్ని దుంపలు నువ్వూ చూశావు, నాకు లేని కాగితం నీకైనా ఉండనీ" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

రాత పరీక్షలు బాగానే గట్టెక్కాయి. ప్రాక్టికల్ దగ్గరే వచ్చింది చిక్కు. మొదటిసారి పరీక్ష రోజునే పాపకి జ్వరం. కోడలు సగం మనసుతో వెళ్ళి, ఏదో కోసి, తప్పింది. ఈ ఏడు రెండోసారి. ఈలోగా కళ్ళజోళ్ళ షాపు ఓనరు, ఒకటో తారీకు నుంచి పూర్తిగా రోజంతా వస్తే రా, లేదంటే ఇంకెవర్నైనా చూసుకుంటాను అన్నాడు.

"ఈసారి కూడా పోతే ఇక ఒదిలేస్తాను అత్తయ్యా. రోజంతా షాపుకే వెళ్తాను. ఎంతమందిని ఇబ్బంది పెట్టను?" అంది కోడలు.

"పోతే కదా!" అని కసిరింది పిన్ని.

ఆ నెలంతా వంటింటి బల్ల మీద బ్లేడూ, క్యారట్లే. పిన్ని నేర్పింది ఒకే ఒక సూత్రం. "చూసి రాయి అమ్మాయ్. గుర్తుపెట్టుకుని రాయకు."

ఎందుకలా అన్నదో చెప్పాలి. పరీక్షలో నాలుగు మైక్రోస్కోపులు వరసగా పెడతారు. ఒక్కోదానిలోకి చూసి, అందులో ఉన్నదేమిటో, దాని పనేమిటో రాయాలి. వాటిని స్పాటర్లు అంటారు. ఆ కాలేజీలో ఏళ్ళ తరబడి అవే నాలుగు, అదే వరస. సీనియర్లు జూనియర్లకి పాటలా అప్పగించి పోయేవారు: 'ఒకటి ఆకు, రెండు టమాటా, మూడు దుంప, నాలుగు ఆముదం.' కళ్ళు మూసుకుని రాసినా మార్కులు పడేవి. మార్చండి సార్ అని పిన్ని ప్రతి ఏడూ మొత్తుకునేది. చూద్దాం అనేవారు. చూడటం ఒక్కటే ఎవరూ చేసేవారు కాదు.

సరే, పరీక్ష పది రోజులుందనగా జాబితా వచ్చింది. అందులో కోడలి పేరు చూసిన నిమిషం నుంచి పిన్నికి కాలు నిలవలేదు. తిన్నగా లెక్చరర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన చిన్నవాడు, చేరి రెండేళ్ళు కూడా కాలేదు, మంచివాడే గానీ అన్నిటికీ తొందర.

"సార్, ఈసారి నన్ను ల్యాబు గుమ్మం తొక్కనివ్వకండి. ఈ పది రోజులూ లైబ్రరీలో వేయండి. తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి."

"అదేంటి పిన్నీ! మీరు లేకపోతే స్లైడ్లు ఎవరు పెడతారు?"

"మీరే పెట్టండి. రేపు మా అమ్మాయి పాసైతే, అత్త లోపలుండి చెప్పిందంటారు. ఆ మాట దాని నెత్తిన పడటానికి వీల్లేదు. కష్టపడి చదివింది."

"మీ గురించి అట్లా ఎవరంటారు?"

"అనేవాళ్ళు అడిగి అంటారా సార్?"

అంతా బాగానే ఉంది. న్యాయంగానే ఉంది. కానీ అతి జాగ్రత్త కొంప ముంచుతుందని ఊరికే అన్నారా! బంగాళాదుంపలెప్పుడూ సింకు కింద, మూతపెట్టిన రేకు డబ్బాలో, చీకట్లో ఉండేవి. ఆ డబ్బా సంగతి పిన్నికి తప్ప ఇంకో ప్రాణికి తెలియదు. లెక్చరర్‌కి చెబితే మరిచిపోతాడు, మరిచిపోయి వంద చోట్ల వెతుకుతాడు. అందుకని ఆవిడ సమస్తం ఒక ట్రేలో సర్దింది. బ్లేళ్ళు, కుంచె, గాజు పలకలు, ఆముదం గింజలు, దుంపలు. ఎదురుగా కనబడాలని, చేతికి దొరకాలని, ఆ ట్రే తీసుకెళ్ళి పక్క గదిలో కిటికీ దగ్గర బల్ల మీద పెట్టింది. ఆకూ, టమాటా మాత్రం ఆ రోజు తాజాగా తెచ్చుకోమని చీటీ రాసి, తాళం చెవులు అప్పగించేసి, లైబ్రరీకి పోయి పుస్తకాల దుమ్ము దులుపుకుంటూ కూర్చుంది.

పది రోజులు. ఆ కిటికీ తూర్పు వైపుది.

పరీక్ష రోజు సాయంత్రం కోడలు ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే కుర్చీలో కూలబడింది. 

"ఏమైంది?" అంది పిన్ని.

"మూడోది తప్పు రాశాను అత్తయ్యా. హరితరేణువులని రాశాను. బయటికొచ్చాక అందరూ నవ్వారు. మూడు దుంప అని తెలియదా, నాలుగేళ్ళ పిల్ల కూడా చెబుతుందే అన్నారు."

"దుంపలో హరితరేణువులేమిటే?"

"నాకు పచ్చగా కనిపించాయి."

"కనిపిస్తాయి, ఎందుకు కనిపించవు! మొదటి బల్ల మీద ఆకు చూసిన కళ్ళతోనే మూడోదీ చూసుంటావు. ఎన్నిసార్లు చెప్పాను, ఒకటి చూశాక కన్ను తుడుచుకుని, నిమిషం ఆగి, రెండోదాని దగ్గరికి వెళ్ళమని? కళ్ళెక్కడ పెట్టుకున్నావు? కళ్ళజోళ్ళు అమ్మేదానివి!"

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. అన్నాక నాలుక కరుచుకుంది గానీ, జారిన మాట ఏ కుంచెతో ఎత్తుతాం?  కోడలు లేచి లోపలికెళ్ళి, పుస్తకాలన్నీ, బొమ్మలు గీసిన రికార్డుతో సహా ఒక తాడుతో కట్టి అలమర పైన పడేసింది. "షాపులో రేపట్నుంచే వస్తానని చెప్పేశాను" అంది.  ఏడ్చినా బాగుండేది.

మర్నాడు పొద్దున పిన్ని తన ల్యాబుకి తిరిగొచ్చింది. తలుపు తీసే ఉంది. లెక్చరర్ కాగితాలు సర్దుతున్నాడు. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు ఇంకా రాలేదు. పన్నెండింటికి మార్కుల జాబితా కవరులో పెట్టి సీలు వేయాలి.

"పిన్నీ" అన్నాడు లెక్చరర్, తల ఎత్తకుండా. "చెప్పకూడదు గానీ... మీ అమ్మాయికి మూడు మార్కులు తక్కువ పడ్డాయి. ఆ దుంప ఒక్కటి రాసుంటే నాలుగొచ్చేవి. అందరూ రాశారు, ఆవిడొక్కతే..."

పిన్ని "ఊఁ" అంది.  నిన్నటి గాజు పలకలు కడగడానికి పక్క గదిలోకి వెళ్ళింది. కిటికీ లోంచి ఎండ నేరుగా ట్రే మీద పడుతోంది. ట్రేలో మిగిలిన దుంపలు. వాటి బుగ్గలు పచ్చగా ఉన్నాయి.

 ఆవిడ ఒక దుంప తీసి సగానికి కోసింది. మధ్యలో తెల్లగానే ఉంది. తొక్క కిందే, చుట్టూ, పల్చటి పచ్చ అంచు.

"అయ్యో నా తల్లీ" అంది పైకే.

అర్థం కావడానికి నిమిషం పట్టలేదు. ఒక తల్లి పిల్లలే అని, వెలుతురులో పడితే తెల్లవే పచ్చబడతాయని ఇరవై ఎనిమిదేళ్ళుగా ఊరందరికీ చెప్పిన మనిషి. చెప్పి, తన చేత్తోనే వాటిని ఎండలో పెట్టింది. పైగా, తానైతే ఎప్పుడూ దుంప నడిబొడ్డు నుంచి కోస్తుంది. లెక్చరర్ తొందరలో, చేతికి వాటంగా ఉందని తొక్క పక్కనుంచి లాగించి ఉంటాడు. పరీక్షకుడు జవాబుల జాబితా చూసి టిక్కులు పెట్టి ఉంటాడు. తిలాపాపం తలా పిడికెడు. అంతమందిలో ఆ మైక్రోస్కోపులోకి నిజంగా చూసింది కోడలొక్కతే. చూసినందుకు తిట్లు తిన్నది కూడా అదే. తిట్టింది ఎవరు? చూసి రాయమని చెప్పిన అత్తగారు!

చెబితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. 'కోడలి కోసం అత్త కొత్త పాట ఎత్తుకుంది' అంటారు. ఏ మాట పడకూడదని పది రోజులు లైబ్రరీలో దుమ్ము తిన్నదో ఆ మాటే పడుతుంది. రిజిస్టరులో ఆ ఖాళీ గడి ఇక ఖాళీగా ఉండదు. చెప్పకపోతే? చెప్పకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. దుంపలు చెత్తబుట్టలో వేస్తే సరి.

ఆవిడ మీనమేషాలు లెక్కపెట్టలేదు, నిజం చెప్పాలి. 

పరీక్షకుడు పదకొండున్నరకి వచ్చాడు. నెరిసిన జుట్టు, చేతిలో తోలు సంచి. కూర్చోగానే పిన్ని ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"సార్, నిన్న మూడో మైక్రోస్కోపు కింద ఉన్నది తప్పు దుంప. తప్పు నాది. దుంపలు ఎండలో పెట్టింది నేను."

లెక్చరర్ ఉలిక్కిపడ్డాడు. పరీక్షకుడు కళ్ళజోడు మీదనుంచి చూశాడు. "మీరెవరమ్మా?"

"ఇక్కడ అటెండర్ని. మీరు మూడోదానికి సున్నా వేసిన అమ్మాయి నా కోడలు. ముందే చెబుతున్నా, తర్వాత తెలిసి దాచాననుకోకండి."

"ఓహో" అన్నాడాయన. ఆ ఓహోలో సవాలక్ష అర్థాలు. "కోడలికి మార్కులు తగ్గాక దుంప తప్పయిందా?"

పిన్ని ముఖం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. "నా మాట నమ్మొద్దు సార్. కంటితో చూడండి."

అక్కడే బల్ల మీద దుంప పెట్టింది. సగం బ్లేడు తీసింది. తొక్క పక్కనుంచి ఒక్క లాగు. ముక్క నీళ్ళలో తేలింది. కుంచెతో ఎత్తి, గాజు పలక మీద పెట్టి, బుడగ రాకుండా పైన పల్చటి గాజు దించింది. పరీక్షకుడు ముఖం చిట్లించుకుంటూనే వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు.

"పచ్చగా ఉన్నాయి" అన్నాడు చివరికి.

"తెల్లవి కూడా ఉన్నాయి సార్, ఆల్చిప్పల్లా. చూడండి." పక్కనుంచి ఒక చుక్క అయోడిన్ వదిలింది. పిండి దాచుకున్నవన్నీ ఆయన కళ్ళముందే నీలి నలుపుకి తిరిగాయి. "వంటవాళ్ళూ, సామాను గది వాళ్ళూ ఒకే గదిలో ఉన్నారు. కొన్నైతే రెండు పనులూ చేస్తున్నాయి. ఎండ తగిలి పని మార్చుకుంటున్నాయి, ఇంకా పూర్తిగా మారలేదు."

ఆయన తల ఎత్తి లెక్చరర్ వైపు చూశాడు. "నిన్న మీరు చూశారా?"

"లేదు సార్... ఎప్పుడూ దుంపే కదా అని..."

పరీక్షకుడు మాత్రం చూశాడా ఏంటి! జవాబు పత్రాల కట్ట విప్పి కోడలిది వెతికి తీశాడు. పైకి చదివాడు. "'పచ్చ రేణువులు కనిపిస్తున్నాయి కాబట్టి హరితరేణువులు. వెలుతురుతో ఆహారం తయారుచేస్తాయి. వీటి మధ్య పెద్ద తెల్ల రేణువులు కూడా ఉన్నాయి, పిండి కావచ్చు. రెండూ ఒకేచోట ఎందుకున్నాయో నాకు తెలియలేదు.'"

చదవడం ఆపేశాడు. ఆ నాలుగు వాక్యాల మీద ఆయనే ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసి ఉన్నాడు.

కోడలు ఇంత రాసిందని పిన్నికి తెలియదు. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పనిచ్చిందా అసలు? కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. తుడుచుకోలేదు, చేతికి అయోడిన్ అంటుకుని ఉంది.

"మిగతావాళ్ళు శ్వేతరేణువులని రాశారు" అన్నాడు పరీక్షకుడు మెల్లగా. "వాళ్ళవి కొట్టేయాలా?"

"వద్దు సార్, అవీ ఉన్నాయిగా. పైగా తప్పు నాది, పిల్లలది కాదు. కాకపోతే చూసి రాశారో, పాట పాడి రాశారో వాళ్ళకే తెలియాలి."

"పాటేమిటి?"

లెక్చరర్ గట్టిగా దగ్గాడు. చెవులదాకా ఎర్రబడిపోయాడు.

పరీక్షకుడు గీత కొట్టేసి, పక్కన నాలుగు వేసి, సంతకం పెట్టాడు. "ఈ ప్రశ్నకి ఇంత మంచి జవాబు నేను చాలా ఏళ్ళుగా చూడలేదమ్మా. నేను చూడటం మానేసి కూడా చాలా ఏళ్ళయిందనుకోండి" అన్నాడు. మంచి మాటే. ఒప్పుకోవడానికి కూడా దమ్ముండాలి.

సీలు పడ్డాక పిన్ని రిజిస్టరు తెచ్చింది. లెక్చరర్ అడ్డుపడ్డాడు. "వదిలేయండి పిన్నీ, సర్దుకుంది కదా. కోసింది నేనే, చూసుకోవాల్సిందీ నేనే. ఆ గడి ఖాళీగానే ఉంచండి."

"ఎట్లా ఉంచుతాను సార్? చూసింది చూసినట్టు రాసినందుకేగా ఇప్పుడు మార్కులు పడ్డాయి?" అంది. 'పొరపాట్లు' అనే గడిలో, ఒక్కో అక్షరం నొక్కి, 'దుంపలు పది రోజులు కిటికీలో పెట్టినాను. పచ్చబడినవి' అని రాసి కింద సంతకం పెట్టింది. పెట్టాక ఆ పేజీని కాసేపు చూసుకుంది. బాధేసింది. ఎందుకు వేయదు, ఇరవై ఎనిమిదేళ్ళు!

సగం దుంప ఒకటి కొంగున కట్టుకుని తిన్నగా కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళింది. కోడలు కౌంటరు వెనక అద్దాలు తుడుస్తోంది. అత్తగారిని చూసి కంగారుపడింది. "పాపకేమైనా...?"

"పాప బళ్ళో ఉంది. ఇది చూడు." దుంప తీసి కౌంటరు మీద పెట్టింది. "నీ కళ్ళు నిజమే చూశాయి. నా నోరే తప్పు కూసింది. నిన్న అన్న మాట వెనక్కి తీసుకోవడానికి వచ్చాను. కావాలంటే నువ్వూ ఒకటి అను, చెల్లుకి చెల్లు."

కోడలు ఆ పచ్చ అంచు వంక చూసింది, అత్తగారి వంక చూసింది. సంగతంతా విన్నాక, తుడుస్తున్న అద్దాలు పక్కన పెట్టి అక్కడే, కొనడానికొచ్చిన ఇద్దరి ఎదురుగా, వెక్కి వెక్కి ఏడ్చింది. నిన్న ఏడవాల్సిన ఏడుపు అది.

"పాసయ్యానా అత్తయ్యా?"

"అది కవరు విప్పితే గానీ తెలియదు, నేను చెప్పకూడదు" అంది పిన్ని. చెప్పకూడదు అన్న ముఖం అంతలా వెలిగిపోతుంటే ఇక దాచిందేముంది!

సాయంత్రం కోడలు అలమర పైనుంచి కట్ట దించి తాడు విప్పింది. రికార్డులో ఖాళీ పేజీ తీసి, దుంప ముక్క పక్కన పెట్టుకుని బొమ్మ గీసింది. తెల్లవి, పచ్చవి, సగం తెల్ల సగం పచ్చవి. పాప పక్కన కూర్చుని పచ్చ పెన్సిలుతో రంగు దిద్దింది. గీయడం అయ్యాక కోడలు పుస్తకం తిప్పి అత్తగారి ముందు పెట్టింది. ప్రతి బొమ్మ కిందా లెక్చరర్ సంతకం పెట్టడానికి ఒక గీత ఉంటుంది.

"ఇక్కడ మీరు పెట్టండి."

"నేనా? చాల్లే! సార్లు పెట్టే చోట నేను పెట్టడమేమిటే, నవ్విపోతారు."

"నవ్వనివ్వండి. చూసి రాయమన్నది మీరు. మీరు పెట్టకపోతే ఈ పేజీ చెల్లదు."

పిన్ని పెన్ను తీసుకుంది. మధ్యాహ్నం తప్పు కింద సంతకం పెట్టినప్పుడు చెయ్యి నిక్కచ్చిగానే నడిచింది. ఇప్పుడు మాత్రం వణికింది. ఆఖరి అక్షరం గీత దాటి పాప గీసిన పచ్చ రంగులోకి పోయింది.